కాంక్రీట్ గోడకి రోల్‌బ్యాక్ లేదు

మా ఇంట్లో ఒక గోడ గురించి మూడు వారాలు గొడవ నడిచింది. ఆస్తి గోడా కాదు, సరిహద్దు గోడా కాదు. గోడలో కరెంటు వైరు ఎప్పుడు పెట్టాలి, కాంక్రీట్ పోయకముందా, పోశాకా అని. ఒకవైపు టెక్సాస్‌లో ఇల్లు కట్టించుకుంటున్న మా అక్కాబావలు. ఇంకోవైపు ఇరవై ఏళ్లకు పైగా కరెంటు పని చేస్తున్న మా మావయ్య. గొడవంతా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోనే. మధ్యలో నేను. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే నాకు గోడ గురించి ఏం తెలుస్తుందని ఇద్దరూ అడగలేదు. ఎవరికి వాళ్లు నన్ను తమ వైపు లాక్కున్నారు.

మొదలుపెట్టింది బావ. తన కొత్త ఇంటి వీడియో ఒకటి పెట్టాడు. కాంక్రీట్ పోసేసిన గోడ ముందు ఒక ఎలక్ట్రీషియన్ నిలబడి, వేడి బ్లేడుతో ఆ గోడని వెన్నలా కోసుకుంటూ పోతున్నాడు. పడ్డ గాడిలో వైరుని వేలితో నొక్కేశాడు. సుత్తి లేదు, దుమ్ము లేదు, చప్పుడు లేదు.

మావయ్య నుంచి వెంటనే వాయిస్ మెసేజ్. "ఒరే బావు, అది గోడేటి? టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ లాగుంది!"

నిజమే, అది థర్మాకోలే. దాన్ని ఐసీఎఫ్ అంటారు, ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫామ్. మనం కాంక్రీట్ పోయడానికి చెక్కతోనో ఇనుముతోనో అచ్చు కట్టి, గట్టిపడ్డాక పీకేస్తాం కదా. ఐసీఎఫ్‌లో అచ్చే థర్మాకోల్. లోపల బోలుగా ఉండే దిమ్మల్ని పిల్లల లెగో ముక్కల్లా ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. మధ్యలో ఊచలు నిలబెట్టి కాంక్రీట్ పోస్తారు. అచ్చు పీకరు, జీవితాంతం గోడతోనే ఉంటుంది. సాధారణంగా నడుమ ఆరంగుళాల కాంక్రీట్, దానికి అటూ ఇటూ రెండున్నర అంగుళాల చొప్పున థర్మాకోల్. కెనడాలో 1960ల్లో వెర్నర్ గ్రెగోరీ అనే కాంట్రాక్టర్ ఈ దారిలో తొలి పేటెంట్లు తీసుకున్నాడు. బయటి ఎండా చలీ లోపలికి రాకుండా థర్మాకోల్ ఆపుతుంది, సుడిగాలుల్ని కాంక్రీట్ తట్టుకుంటుంది. అందుకే బావ అంత ముచ్చటపడ్డాడు.

వైరింగ్ సంగతికొస్తే, కాంక్రీట్ జోలికే వెళ్లకుండా పైనున్న థర్మాకోల్‌లో గాడి తీస్తారు. వేడి బ్లేడో, చిన్న ఎలక్ట్రిక్ రంపమో చాలు. వైరుని లోపలికి నొక్కి, అక్కడక్కడా ఫోమ్ జిగురు పెట్టి, పైన జిప్సం బోర్డు బిగిస్తారు. రేపు ఎవరైనా ఫోటో తగిలించడానికి మేకు కొడితే వైరుకి తగలకూడదు కాబట్టి, తగినంత లోతుగా పెట్టాలని అమెరికా రూల్సు. లోతు చాలకపోతే పైన ఇనప రేకు ముక్క పెడతారు.

"చూశావా మావయ్యా, గోడ పోశాక తీరిగ్గా ఆలోచించుకుని పాయింట్లు పెట్టుకోవచ్చు" అన్నాడు బావ.

మావయ్య జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "మంచిదే బాబూ. మా గోడకి ఆ తీరిక నేదు."

మావయ్య గోడ

మావయ్య గోడ అంటే షియర్ వాల్. ఇటుకలుండవు. గోడలూ శ్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీట్‌తో పోసేస్తారు. మన దగ్గర టిడ్కో ఇళ్లు కట్టింది ఈ పద్ధతిలోనే. శ్రీకాకుళంలో పాత్రునివలస, విజయనగరంలో సారిక, సోనియానగర్ వైపు వెళ్తే మూడు అంతస్తుల పైకి వరసగా కనబడే ఆ బ్లాకులు మీరూ చూసుంటారు. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు. మావయ్య అలాంటి సైట్లలో పైపులు వేశాడు. అంతకుముందు చెన్నైలో, హైదరాబాద్‌లో పెద్ద పెద్ద టవర్లలో వేశాడు. మన జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు కట్టని ఊరు ఉందా అసలు?

ఆ పని ఎలా జరుగుతుందో మావయ్య నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ముందు ఊచల జాలి నిలబెడతారు. గోడకి ఇంకా రూపం రాలేదు, అవతలి గదిలో మనిషి కనబడుతుంటాడు. అప్పుడే ఎలక్ట్రీషియన్ వచ్చి పీవీసీ పైపుల్ని ఆ జాలికి బైండింగ్ వైరుతో కట్టాలి. స్విచ్ బాక్సులు సరైన ఎత్తులో బిగించాలి. బాక్సుల్లోకి సిమెంట్ పాలు పోకుండా థర్మాకోల్ ముక్కలో కాగితమో కుక్కి, పైన టేపు వేయాలి. ఆ తర్వాత, సైట్లలో అందరూ మైవాన్ అనే అల్యూమినియం షట్టరింగ్ మూస్తారు. కాంక్రీట్ పడుతుంది, వైబ్రేటర్ తిరుగుతుంది. ఆ అదురుకి ఒక పైపు జాయింటు ఊడినా, ఒక బాక్సు రెండంగుళాలు జరిగినా, తెలిసేది షట్టరింగ్ విప్పాకే. అప్పటికి గోడ రాయి.

పైపుల్లోంచి సన్నటి స్టీలు తీగ దూర్చి, దాని వెనకాల వైర్లు లాగుతారు. తీగ అవతలివైపు తేలితే పండగ. మధ్యలో ఆగిపోతే, లోపల సిమెంట్ పాలు గడ్డకట్టాయన్నమాట.

ఇది విన్నాక నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. మేం శుక్రవారం సాయంత్రం ఒక వెర్షన్ వదులుతాం, ఏదైనా పేలితే పది నిమిషాల్లో పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్తాం. రోల్‌బ్యాక్ అంటాం దాన్ని. మావయ్యకి ఆ బటన్ లేదు. ఇటుక గోడకైతే కొంత ఉంది. గోడ కట్టాక సుద్దముక్కతో గీత గీసి, కట్టర్‌తో గాడి కొట్టి, పైపు పెట్టి పూడ్చేయొచ్చు. పోత గోడకి ఆ గీత గీసే రోజే రాదు. ఇంట్లో ఎవరుంటారో, మంచం ఏ మూల వేస్తారో, మిక్సీ ఎక్కడ పెడతారో తెలియకముందే అన్నీ తేలిపోతాయి.

పిన్ని కిటికీ

ఇది ఎవరి బతుకులోనైనా పెద్ద విషయమా అనుకుంటే, మా పిన్ని సంగతి వినండి.

పిన్ని వాళ్లది విజయనగరం. బాబాయి పనిచేసిన జూట్ మిల్లు మూతపడ్డాక ఇల్లు నడిపింది పిన్ని కుట్టు మిషనే. ఊళ్లో ఉన్న కాస్త పొలం అమ్మి, మిగతాది బ్యాంకు లోను పెట్టి, ఊరి చివర ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో చిన్న ఫ్లాటు కొనుక్కున్నారు. అది కూడా షియర్ వాలే. హాల్లో తూర్పు కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది. నల్ల బట్ట మీద నల్ల దారం కుట్టేవాళ్లకి ఆ వెలుతురు విలువ తెలుస్తుంది. పిన్ని మిషన్ అక్కడే వేసింది. కానీ ఆ గోడకి ఒక్క ప్లగ్గూ లేదు. ఎదురు గోడకి, టీవీ పెట్టుకునే చోట ఉంది.

దాంతో ఎక్స్‌టెన్షన్ బోర్డు. హాలుకి అడ్డంగా, చాప కింద నుంచి వైరు. దానికే మిషన్ మోటారు, దానికే ఇస్త్రీ పెట్టె, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పదకొండు దాకా. ఆ బోర్డు ముట్టుకుంటే వెచ్చగా ఉండేది. ఏడాది నిండిన మనవరాలు పాకుతూ నేరుగా దాని దగ్గరికే వెళ్లేది.

పిన్నికి పక్క ఫ్లాటువాళ్లు ఒక దారి చూపించారు. వాళ్లు టీవీ మార్చుకోవడానికి ఎవరినో పిలిచి గోడకి అడ్డంగా గాడి కోయించుకున్నారు. "వాళ్లకి అయింది కదా, నాకెందుకు కాదు? అదే కుర్రోణ్ని పిలుస్తాను" అంది పిన్ని. మావయ్య ఆ మాట విని, మర్నాడు పొద్దున్నే శ్రీకాకుళం నుంచి బస్సెక్కాడు. నేనూ ఆ వారం సెలవులో ఊళ్లోనే ఉన్నాను. వెంట వెళ్లాను.

మావయ్య ముందు పక్క ఫ్లాటు గోడ చూశాడు. గాడిలో రెండు చోట్ల ఊచ తెగి మెరుస్తోంది. ఆయన మొహం మారిపోయింది. వాళ్లతో గట్టిగా ఏమీ అనలేదు. "ఇంజినీర్ని పిలిసి సూపించండమ్మా. పైన ఇంకా రెండు ఇళ్లున్నాయి ఈ గోడ మీద" అని మాత్రం చెప్పాడు.

ఇటుకల అపార్ట్‌మెంట్‌లో బరువు మోసేవి స్తంభాలు, దూలాలు. నడుమ గోడ తెర లాంటిది. షియర్ వాల్ ఇంట్లో గోడే స్తంభం. పై ఇంటి బరువు దాని మీదుగానే కిందికి దిగుతుంది, తుపాను గాలి తోపుడునీ భూకంపాన్నీ అదే ఆపుతుంది. పైగా ఊచ మీదున్న కాంక్రీట్ పొరే దానికి తుప్పు పట్టకుండా కాపలా. అడ్డంగా కోస్తే ఆ కాపలా పోతుంది. మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీట్‌ని పగలగొడుతుంది.

మావయ్య భయం వెనక ఇంకో జ్ఞాపకం ఉంది. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు. ఆ రోజుల్లో మావయ్య చెన్నైలోనే ఇంకో సైటులో ఉన్నాడు. ఆ భవనం ఎవరో గాడి కోసినందుకు కూలలేదు, అది వేరే కథ. కానీ అప్పటి నుంచి ఆయనకి ఒక నియమం. "గోడ లెక్క ఇంజినీర్‌కి తెలుసు, మనకి తెలీదు. తెలీనప్పుడు కొయ్యకూడదు."

గోడ కొయ్యకుండా

మరి పిన్నికి కరెంటు ఎలా? మావయ్య డీబీ పెట్టె తెరిచి, ఖాళీగా ఉన్న చోట కొత్త ఎంసీబీ ఒకటి పెట్టాడు. అక్కడ నుంచి 2.5 చదరపు మి.మీ. వైర్లు మూడు లాగాడు. ఫేజు, న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. గోడ పైకప్పుని కలిసే మూలన సన్నటి కేసింగ్ పట్టీ బిగించి అందులోంచి తీసుకెళ్లి, కిటికీ పక్కన కిందికి దించాడు. ఇస్త్రీ పెట్టెకి 16 ఆంపియర్ల సాకెట్, మిషన్‌కి, లైటుకి మామూలు సాకెట్లు రెండు.

స్క్రూలకి చిన్న రంధ్రాలే, అంగుళం లోతు. అవి కూడా ఇష్టం వచ్చిన చోట కాదు. "స్విచ్ బోర్డుకి నిట్టనిలువునా పైనా, కిందా ఎప్పుడూ డ్రిల్ పెట్టకు. పైపు ఆ దార్లోనే వస్తాది" అన్నాడు నాతో. ఫోటో ఫ్రేమో, వాటర్ ఫిల్టరో బిగించుకునే మీ అందరికీ పనికొచ్చే మాట ఇది.

పిన్నికి ఆ పట్టీ నచ్చలేదు. "ఏటన్నయ్యా, గోడ మీద పాము పాకినట్టుంది" అంది.

"పాము బయటుంటేనే మంచిదమ్మీ, కనపడతాది" అన్నాడు మావయ్య.

చివర్లో డీబీలో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూశాడు. ఉంది. టెస్ట్ బటన్ నొక్కాడు, టప్పున పడింది. ఎంసీబీకీ దీనికీ తేడా చాలామందికి తెలీదు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది. ఎక్కువ కరెంటు పోయి వైరు వేడెక్కకుండా ఆపుతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, ఎక్కడో ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని లెక్క. 30 మిల్లీ ఆంపియర్ల తేడా దాటకముందే, కన్నుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. మా వీధిలో ఒకాయన బట్టలారేసే ఇనప తీగకి కరెంటు పాకి చనిపోయాడు, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు. ఆ రేకుల ఇంట్లో ఈ పరికరం ఉంటే బతికేవాడేమో అని మావయ్య ఇప్పటికీ అంటాడు. నెలకోసారి ఆ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఒక్క నిమిషం పని.

ఆ సాయంత్రం పిన్ని చాప ఎత్తి, ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసి అటక మీద పడేసింది.

మరి థర్మాకోల్ గోడ మేలా?

పిన్ని ఇంటి ఫోటోలు గ్రూపులో పెట్టగానే బావకి అవకాశం దొరికింది. "అదే ఐసీఎఫ్ అయితే అరగంట పని" అన్నాడు. ఆ మాట నిజం. పోశాక కూడా మనసు మార్చుకునే వీలు ఉండటం చిన్న సుఖం కాదు. కానీ నేను కాస్త చదివితే ఇంకో రెండు సంగతులు తెలిశాయి.

ఒకటి. చిన్నప్పుడు జామెట్రీ బాక్సులో రబ్బరూ, ప్లాస్టిక్ స్కేలూ కలిపి పెడితే కొన్నాళ్లకి అతుక్కుపోయి, స్కేలు మీద గుంట పడేది గుర్తుందా? ఆ రబ్బరు మెత్తటి పీవీసీ. మెత్తగా ఉంచడానికి అందులో నూనె లాంటి పదార్థం కలుపుతారు. అది మెల్లగా పక్కనున్న పాలిస్టైరిన్‌లోకి పాకుతుంది. థర్మాకోల్ కూడా పాలిస్టైరినే, వైరు మీది తొడుగు పీవీసీనే. నేరుగా తగిలి ఉంటే ఏళ్ల మీద తొడుగు బిరుసెక్కి పగలొచ్చు. అందుకే రెండిటి మధ్యా పైపు ఉంటే మంచిది. గట్టి పీవీసీ పైపులో ఆ నూనె ఉండదు.

రెండు. థర్మాకోల్ వేడిని ఆపుతుంది, వైరు వేడిని కూడా. అర మీటరుకి మించి అన్నివైపులా ఇన్సులేషన్‌లో మునిగిన వైరుకి, మామూలుగా మోయగలిగిన కరెంటులో సగమే లెక్కవేసుకోమంటారు బ్రిటన్ రూల్సులో. ఏసీకో గీజర్‌కో వేసే వైరు విషయంలో ఇది ఆషామాషీ కాదు.

ఇంకో సంగతి బావే ఒప్పుకున్నాడు. బయటి లైట్లకి, ఏసీ పైపులకి, మెయిన్ కరెంటు లోపలికి రావడానికి గోడని ఆరపార దాటే దారులు ఐసీఎఫ్‌లో కూడా పోయకముందే పెట్టాలట. లేదంటే అక్కడా ఆరంగుళాల కాంక్రీట్‌కి కన్నం పెట్టడమే.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయోగాలు లేకపోలేదు. 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగిన ఆరు లైట్‌హౌస్ ప్రాజెక్టుల్లో లక్నోది అచ్చు గోడలోనే ఉండిపోయే రకం. అయితే అక్కడ వాడింది థర్మాకోల్ కాదు, పీవీసీ ప్యానెళ్లు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన మనకి గట్టి గోడ కావాలి, మే నెల ఉక్కపోతకి చల్లటి గోడా కావాలి. రేపు మన ఊళ్లకీ ఐసీఎఫ్ రావచ్చు. ఏ గోడ వచ్చినా మావయ్య ప్రశ్న అలాగే ఉంటుంది. పోసేలోపు అడిగారా?

అడగాల్సింది ఎవర్ని?

పిన్ని హాల్లో ప్లగ్గు టీవీ దగ్గర ఉండటం ఎవరి చెడ్డతనమూ కాదు. డ్రాయింగ్ వేసినవాళ్లు హాలు అంటే టీవీ అనుకున్నారు. అందులో ఒక ఆడమనిషి కిటికీ దగ్గర కూర్చుని కుట్టుకుంటూ లోను కడుతుందని వాళ్లకి తట్టలేదు. మేం కూడా యాప్ తయారుచేసేటప్పుడు, వాడేవాళ్లని అడగకుండా వాళ్ల తరఫున మేమే అనుకునేస్తుంటాం. మాకైతే అప్‌డేట్ ఉంది. గోడకి లేదు. కాబట్టి అడగడం అనే పని కాంక్రీట్ బండి రాకముందే అయిపోవాలి.

ఫ్లాటు బుక్ చేసేవాళ్లు మొదట ఒక్క మాట అడగండి: ఇది ఇటుక గోడా, పోత గోడా? పోతదైతే మీ బ్లాకు పోయకముందే ఎలక్ట్రికల్ డ్రాయింగ్ తీసుకుని, ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషి ముందు పెట్టండి. వీలైతే వాడని ఖాళీ పైపులు రెండు ఎక్కువ వేయమనండి. ఇన్వర్టర్‌కి, ఇంటర్నెట్‌కి, రేపటి ఏసీకి పనికొస్తాయి. సైటులోకి రానిస్తే, షట్టరింగ్ మూసే ముందు ప్రతి గోడనీ ఫోన్‌తో ఫోటో తీయండి, పక్కన టేపు పట్టుకుని. పదేళ్ల తర్వాత డ్రిల్ పట్టుకున్నప్పుడు ఆ ఫోటో విలువ తెలుస్తుంది. ఇల్లు ఇప్పటికే అయిపోయి ఉంటే గోడ కొయ్యకండి, పట్టీ వేసుకోండి.

ఈ మధ్యే ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి వెనక రెండు గదులు వేయించాం. ఇటుక గోడలే. గోడలు లేచిన రోజు మావయ్య మేస్త్రీని ఆపి, సుద్దముక్క తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ కంగారుపడింది. "నాకేటి తెలుస్తాదిరా, నువ్వే గియ్యి" అంది. మావయ్య కదల్లేదు. అమ్మ కాసేపు గదంతా తిరిగి, నానమ్మ మంచం పడే మూలకి వెళ్లి కింద కూర్చుంది. పడుకున్న మనిషి చెయ్యి చాపితే ఎంత దూరం అందుతుందో తన చెయ్యి చాపి చూసుకుని, నేలకి రెండడుగుల ఎత్తులో గీత గీసింది. రాత్రి లేచినప్పుడు నానమ్మ చీకట్లో నడవక్కర్లేకుండా ఒక స్విచ్.

నేను ల్యాప్‌టాప్‌లో వేసిన ప్లాన్‌లో ఆ మూల ఖాళీగానే ఉంది. మావయ్య అక్కడ బాక్సు పెట్టాడు.